లేక్ వ్యూ ఫ్లాట్ కొనేముందు వ్యూ కాదు, లెవెల్స్ చూడండి

లేక్ వ్యూ, సీ వ్యూ, రివర్ ఫ్రంట్ అని పేరు తగిలిస్తే చాలు ఫ్లాట్ రేటు పెరిగిపోతుంది. కొనేవాళ్లు అడిగేవి కూడా దాదాపు ఒకేలా ఉంటాయి, ఏ ఫ్లోర్ నుంచి నీళ్లు బాగా కనిపిస్తాయి, ఈస్ట్ ఫేసింగేనా, ముందు స్థలంలో ఇంకో టవర్ రాదు కదా అని. ఇవి అడగొద్దని నేను అనను. కానీ నీటి పక్కన కట్టే అపార్ట్‌మెంట్ మంచిదా కాదా అనేది తేలేది బాల్కనీలో కాదు, కింద నేల మీదా, నేల లోపలా. ఆ ప్లానింగ్ అంతా ఒక్క లెక్క చుట్టూ తిరుగుతుంది: నీళ్లు ఎంత ఎత్తు దాకా రాగలవు, బిల్డింగ్‌లో ఏ భాగం ఆ ఎత్తుకి పైన ఉంది, ఏది కింద ఉంది. ఈ లెక్క చేతిలో లేకుండా మిగతావన్నీ చూసి కొంటే రిస్కు మొత్తం మన నెత్తినే.

ముందు చెరువు సంగతి, హైదరాబాద్‌లో ఎక్కువమందికి కావాల్సింది అదే కాబట్టి. ఎఫ్‌టీఎల్, ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అని వార్తల్లో రోజూ వింటున్నాం, అదేంటో చాలామందికి సరిగ్గా తెలీదు. చెరువు నిండాక మిగిలిన నీళ్లు బయటికి పోవడానికి కట్ట దగ్గర అలుగు ఉంటుంది, తెలంగాణలో మత్తడి అంటాం. దాని పైఅంచు ఏ లెవెల్‌లో ఉందో ఆ లెవెలే ఎఫ్‌టీఎల్. అక్కడిదాకా నీళ్లు నిలబడితే చుట్టూ ఏ మేరకు తాకుతాయో ఆ గీత ఎఫ్‌టీఎల్ బౌండరీ. అంటే ఇది కంటితో చూసి చెప్పేది కాదు, సముద్రమట్టం నుంచి కొలిచిన నంబర్. హుస్సేన్ సాగర్‌కి 513.41 మీటర్లు, ఉస్మాన్ సాగర్‌కి 1790 అడుగులు, హిమాయత్ సాగర్‌కి 1763.5 అడుగులు, ఇలా ప్రతి చెరువుకీ ఒకటి ఉంటుంది. మే నెలలో సైట్ విజిట్‌కి వెళ్తే నీళ్లు ఎక్కడో అల్లంత దూరంలో కనిపిస్తాయి, మధ్యలో గడ్డి మొలిచిన ఖాళీ నేల ఉంటుంది, చూడగానే ప్రాజెక్ట్ చెరువుకి చాలా దూరంగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఆ గడ్డి నేలే చాలాచోట్ల శిఖం భూమి, అంటే నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే చెరువు కడుపు.

ఇక్కడే పెద్ద చిక్కు. శిఖంలో పట్టా భూములు కూడా ఉంటాయి. తాతల నాటి నుంచి పాస్‌బుక్ ఉంటుంది, అమ్ముకోవచ్చు, రిజిస్ట్రేషన్ కూడా అవుతుంది. కానీ భూమి మనదవ్వడం వేరు, అందులో కట్టుకునే హక్కు ఉండటం వేరు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్ ప్రకారం చెరువులో కట్టడమే కుదరదు, పైగా 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువో కుంటో అయితే 9 మీటర్లు వదలాలి. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, అంతకంటే తక్కువైతే 2 మీటర్లు. నది అయితే మున్సిపాలిటీ హద్దుల్లో 50, బయట 100 మీటర్లు. ఇంకో చిన్న ముక్క కూడా ఆ రూల్‌లోనే ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోరు: ఇలా వదిలే ఖాళీ పట్టీని, అంటే బఫర్‌ని, ప్రాజెక్ట్ ఓపెన్ స్పేస్ లెక్కలో చూపించుకోవచ్చు గానీ సెట్‌బ్యాక్ (ప్లాట్ హద్దుకీ బిల్డింగ్‌కీ మధ్య వదలాల్సిన ఖాళీ) లెక్కలో కలుపుకోకూడదు. కాబట్టి సైట్ ప్లాన్‌లో చెరువు వైపు ఒకే ఒక్క ఖాళీ పట్టీ గీసి అదే బఫర్, అదే సెట్‌బ్యాక్ అని చూపిస్తే అక్కడ ఆగి అడగాల్సిందే.

రూల్ ప్రకారం 30 మీటర్లు వదిలేశారు కదా ఇంక భయం లేదు అనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు, నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో జనానికి బాగా చెప్పాల్సిన పాయింట్ ఇదే. బఫర్ అడ్డంగా కొలిచేది, వరద నిలువుగా పెరిగేది. భారీ వానకి మత్తడి దుంకుతుంది అంటే అలుగు మీద నుంచి కొంత మందాన నీళ్లు పారుతున్నాయని అర్థం, అలుగు మీద అర మీటరు పారుతుంటే చెరువులో నీళ్లు కూడా ఎఫ్‌టీఎల్ కంటే కనీసం అర మీటరు పైన ఉన్నట్టు. దాన్నే ఇంజనీర్లు గరిష్ట నీటి మట్టం అని విడిగా లెక్క కడతారు. ఒడ్డు వాలు 200కి 1 ఉందనుకోండి, అంటే 200 మీటర్లు నడిస్తే ఒక్క మీటరు ఎత్తు, మన చదునైన చెరువుల పైవైపు ఇలాంటి నేల మామూలే. అక్కడ అర మీటరు పెరిగితే నీళ్లు 100 మీటర్లు లోపలికొస్తాయి, 30 మీటర్ల బఫర్ దాటి ఇంకా 70 మీటర్లు. అదే నేల 20కి 1 వాలుంటే 10 మీటర్లతో ఆగిపోతుంది. చెరువు అదే, వాన అదే, రూల్ కూడా అదే, ఒక ప్రాజెక్ట్ సెల్లార్ మునిగింది, ఇంకోదాని గార్డెన్ కూడా తడవలేదు.

పైగా మనవి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకి రావాలి. మధ్యలో నాలా కుంచించుకుపోతే నీళ్లు చెరువు దాకా వెళ్లకుండా దారిలో ఉన్న కాలనీల్లోనే ఆగుతాయి. 2020 అక్టోబర్ 13, 14 తేదీల వాన హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు మర్చిపోయి ఉండరు. ఆ నెలలోనే పాతబస్తీ వైపు గుర్రం చెరువు కట్ట తెగింది, బురద నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అందుకే లేక్ ఫ్రంట్ ప్రాజెక్ట్ చూసేటప్పుడు ఆ ఒక్క చెరువు చూస్తే సరిపోదు, పైన ఏ చెరువు ఉంది, ఆ నీళ్లు ఏ దారిన వస్తాయి, ఆ దారి మన కాంపౌండ్ లోపల్నుంచి పోతుందా అని కూడా చూడాలి. హెచ్ఎండీఏ లేక్స్ వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులు ఉంటాయి, అందులో ప్రిలిమినరీ నోటిఫికేషన్, ఫైనల్ నోటిఫికేషన్ అని రెండు దశలు ఉంటాయి. ప్రిలిమినరీ దగ్గరే ఆగి ఉంటే అభ్యంతరాలు విన్నాక ఆ గీత కదిలే అవకాశం ఇంకా ఉందన్నమాట. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక జరిగిన కూల్చివేతల్లో రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంక్ లోన్ ఉంది, మరి ఇదేంటి అని ఏడ్చిన కుటుంబాలని టీవీలో చూశాం. బ్యాంక్ లోన్ ఇచ్చింది అంటే అంతా క్లియర్ అని మనవాళ్లకి ఒక నమ్మకం, లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంక్ లాయర్ టైటిల్ చూస్తాడు, చెరువు లెవెల్ సర్వే చేయించడు.

సముద్రం దగ్గరికొస్తే ఎఫ్‌టీఎల్ బదులు హై టైడ్ లైన్ ఉంటుంది, ఆటుపోట్లలో పోటు ఎక్కువగా వచ్చినప్పుడు నీళ్లు తాకే గీత. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991 ఫిబ్రవరిలో మొదటి సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్ వచ్చింది, తర్వాత 2011లో, మళ్లీ 2019 జనవరిలో మార్చారు. సముద్రం వైపు ఆ గీత నుంచి 500 మీటర్ల దాకా ఈ రూల్స్ వర్తిస్తాయి. అప్పటికే కట్టడాలతో నిండిన పట్టణ ప్రాంతం సీఆర్‌జెడ్-2, అక్కడ ఇప్పటికే ఉన్న రోడ్డుకో, పర్మిషన్ ఉన్న పాత బిల్డింగ్‌ల వరసకో భూమి వైపు మాత్రమే కట్టాలి, దాన్ని దాటి సముద్రం వైపు జరగకూడదు. పల్లె తీరాలు సీఆర్‌జెడ్-3, అక్కడ 200 మీటర్లు అసలు కట్టకూడని జోన్ ఉండేది, 2019లో జనసాంద్రత బాగా ఎక్కువున్న చోట్ల దాన్ని 50 మీటర్లకి తగ్గించారు. సముద్రం కళ్లకి కనిపించకపోయినా ఈ రూల్స్ తగలొచ్చు, ఎండాకాలంలో లీటరు నీళ్లలో ఉప్పు 5 గ్రాములు, అంతకంటే ఎక్కువ ఉండే ప్రతి పాయ, ప్రతి బ్యాక్ వాటర్ సీఆర్‌జెడ్ కిందికే వస్తుంది. కాకినాడ వైపో కోనసీమ వైపో క్రీక్ పక్కన స్థలం చూసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో కొచ్చి దగ్గర మరడులో దేశమంతా చూసింది. వెంబనాడ్ బ్యాక్ వాటర్స్ ఒడ్డున నాలుగు అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లు, హోలీ ఫెయిత్ హెచ్2ఓ, ఆల్ఫా సెరీన్, జైన్స్ కోరల్ కోవ్, గోల్డెన్ కాయలోరం. 2006 ప్రాంతంలో పంచాయతీ పర్మిట్లు ఇచ్చింది, కోస్టల్ జోన్ అథారిటీ అనుమతి మాత్రం లేదు. కట్టేశారు, అమ్మేశారు, జనం దిగిపోయారు, కేసు మాత్రం కోర్టుల్లో నడుస్తూనే ఉంది. 2019 మే 8న సుప్రీంకోర్టు కూల్చేయమంది. తర్వాత ఓనర్లకి తలా 25 లక్షల తాత్కాలిక పరిహారం ఇప్పించింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలు పెట్టి ఆ టవర్లన్నీ కొన్ని సెకన్లలో నేలమట్టం చేశారు. చెడిపోయిన బిల్డింగులు కావవి, గట్టిగా కట్టిన మంచి బిల్డింగులు, ఉండకూడని చోట ఉండటమే తప్పయింది. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి, గల్ఫ్‌లో ఏళ్ల తరబడి సంపాదించింది పెట్టి కొన్నవాళ్లున్నారు అందులో. వాళ్ల కాగితాల మీద స్టాంపులు, సంతకాలు అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క అనుమతి తప్ప. నాకైతే ఇప్పటికీ ఆ వీడియోలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

సరే, గీత బయటే ఉంది, పర్మిషన్లు అన్నీ ఉన్నాయి అనుకుందాం. అప్పుడు డిజైన్ మొదలయ్యేది నేల కింద. నీటి పక్కన భూగర్భ జలం పైకే ఉంటుంది, కొంచెం తవ్వితే ఊట వస్తుంది. ఖాళీ చెంబుని నీళ్ల తొట్టిలోకి తిన్నగా నొక్కి చూడండి, చేతిని పైకి తోస్తుంది, సెల్లార్ కూడా అంతే. భూగర్భ జల మట్టం కంటే ప్రతి మీటరు లోతుకి ప్రతి చదరపు మీటరు మీద దాదాపు ఒక టన్ను బలం పైకి తోస్తుంది. సెల్లార్ అడుగు ఆ మట్టానికి 5 మీటర్లు కింద ఉంటే చదరపు మీటరుకి 5 టన్నులు. పైన 20 అంతస్తుల బరువుంటే పెద్ద సమస్య కాదు, కానీ చాలా ప్రాజెక్టుల్లో సెల్లార్ టవర్ కిందే కాకుండా గార్డెన్ కింద, పూల్ కింద కూడా సాగి ఉంటుంది, అక్కడ పైన బరువుండదు. ఆ భాగానికి రాఫ్ట్ (సెల్లార్ అడుగున పరిచే కాంక్రీట్ పలక) మందం పెంచాలి, లేదంటే దాన్ని కిందికి పట్టి ఉంచే యాంకర్లు నేలలోకి దింపాలి. కడుతున్నప్పుడు ఇంకా జాగ్రత్త, పై అంతస్తులు లేచేదాకా ఊట నీళ్లు తోడే డీవాటరింగ్ మోటార్లు ఆపకూడదు. పని ఆగిపోయి మోటార్లు కట్టేసిన ప్రాజెక్ట్‌ని మళ్లీ మొదలుపెట్టారంటే ముందు చూడాల్సింది ఆ రాఫ్టే.

తవ్వడం ఎంత ప్రమాదమో షాంఘైలో 2009 జూన్ 27న తేలింది. లోటస్ రివర్‌సైడ్ అనే ప్రాజెక్ట్‌లో దాదాపు పూర్తయిన 13 అంతస్తుల టవర్ నిలువునా ఉన్నది ఉన్నట్టుగా పక్కకి పడిపోయింది, పడ్డాక కూడా చాలావరకు ముక్కలవ్వకుండా అలాగే ఉంది. ఒక పక్క గ్యారేజ్ కోసం 4.6 మీటర్లు తవ్వారు, ఆ మట్టిని తీసుకెళ్లి రెండో పక్క దాదాపు 10 మీటర్ల ఎత్తు గుట్ట పోశారు, నది గట్టు అప్పటికే కొంత జారింది. ఒకవైపు మట్టి తోపు, ఇంకోవైపు గొయ్యి, నది ఒడ్డు మెత్తటి నేల, కింద పైల్స్, అంటే నేలలోకి దింపిన పునాది స్తంభాలు, పుటుక్కున విరిగిపోయాయి. ఒక కార్మికుడు చనిపోయాడు. లోపల కుటుంబాలు దిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది.

లెవెల్స్‌లోనే ఇంకో చిన్న విషయం, కరెంటు రూమ్. ట్రాన్స్‌ఫార్మర్, ప్యానెళ్లు, జనరేటర్, మంచినీళ్ల సంపు మూత, ఇవి వరద మట్టానికి పైన ఉన్నాయా లేదా చూడండి. 2015 డిసెంబర్ చెన్నై వరదల్లో పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకి ఇల్లు మునగలేదు, కానీ కింద ప్యానెల్ మునిగితే లిఫ్ట్ లేదు, మోటార్ లేదు, తాగే నీళ్లు లేవు. పదో అంతస్తులో పెద్దవాళ్లు ఇరుక్కుపోయారంటే కారణం నీళ్లు అంత ఎత్తు రావడం కాదు, ప్యానెల్ బోర్డు కిందుండటం.

టవర్లు ఎలా నిలబెట్టాలన్నది వేరే కథ. అందరికీ వ్యూ కావాలని ఒడ్డు పొడుగునా గోడలాగా కట్టేస్తే ముందు వరసకి నీళ్లు, వెనక ఉన్న ఊరంతటికీ గోడ. టొరంటోలో సరస్సు ఒడ్డున ఇలాగే కండోలు (అక్కడి అపార్ట్‌మెంట్లు) లేచేసరికి జనం గొడవ చేశారు, 1988లో మాజీ మేయర్ డేవిడ్ క్రాంబీ ఆధ్వర్యంలో కమిషన్ వేశారు, ఒడ్డు పొడుగునా నడక దారి ఆలోచన అక్కడినుంచే గట్టిపడింది. ఇప్పుడు అక్కడ మనవాళ్లు చాలామంది వీకెండ్‌లో పిల్లలతో నడిచే వాటర్‌ఫ్రంట్ ట్రయిల్ అదే. వాంకూవర్‌ది ఇంకా మంచి ఉదాహరణ. 1986 ఎక్స్‌పో జరిగిన ఫాల్స్ క్రీక్ ఒడ్డు భూమిని 1988లో ఒకే కంపెనీకి అమ్మారు, కానీ ఒడ్డున దారి జనానికే ఉంచారు, టవర్లు సన్నగా ఉండాలి, టవర్‌కీ టవర్‌కీ మధ్య దాదాపు 80 అడుగులు ఉండాలి, కొన్ని చోట్ల నుంచి కొండలు కనిపించే దారికి అడ్డం రాకూడదు అని పట్టుబట్టారు. సన్నటి టవర్లైతే వెనకవాళ్లకి కూడా సందుల్లోంచి నీళ్లు కనిపిస్తాయి, గాలి ఆడుతుంది. మన దగ్గర చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ వేస్తున్నారు సంతోషమే, కానీ కొన్ని ప్రాజెక్టులు బఫర్‌కి ఫెన్సింగ్ వేసి ప్రైవేట్ గార్డెన్‌లాగా అమ్ముకుంటున్నాయి, అది నాకు అస్సలు నచ్చని విషయం, చెరువు కట్ట మీద నడిచే హక్కు ఊరందరిదీ.

గాలి మాటొస్తే, మన దేశ ప్రమాణాల్లో ఒకటైన ఐఎస్ 875 కోడ్‌లో డిజైన్‌కి తీసుకోవాల్సిన బేసిక్ గాలి వేగం హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విశాఖకి 50. తేడా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే విశాఖలో దాదాపు 29 శాతం ఎక్కువ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని అద్దాలు పగిలిపోయాయో చూశాం. సీ ఫేసింగ్ కావాలని నేల నుంచి సీలింగ్ దాకా గాజు పెట్టించుకునేవాళ్లు ఆ గాజు మందం, ఫ్రేమ్ బిగింపు ఏ వేగానికి లెక్క కట్టారో రాతపూర్వకంగా తీసుకోవాలి. చెరువు పక్కనైతే గాలి కంటే వాసనే సమస్య, మురుగు కలిసి గుర్రపు డెక్క అల్లుకున్న చెరువైతే ఆ బాల్కనీ తలుపు దోమలకి భయపడి మూసే ఉంటుంది, ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంట్) చెరువులోకి ఏం వదులుతుందో ముందే కనుక్కోవాలి.

ఇక ఉప్పు. సముద్రం పక్కన కాంక్రీట్‌కి అసలు శత్రువు అల కాదు, గాలిలో వచ్చే ఉప్పు తుంపర. అది మెల్లగా కాంక్రీట్‌లోకి ఇంకి ఊచల దాకా చేరితే తుప్పు మొదలవుతుంది, తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్లకి పైగా చోటు తీసుకుంటుంది, లోపల్నుంచి తోసి కాంక్రీట్ పెచ్చులుగా రాలగొడుతుంది. అందుకే ఊచకీ బయటి గాలికీ మధ్య ఎంత కాంక్రీట్ ఉందనేది ప్రాణం లాంటిది, దాన్ని కవర్ అంటారు. కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 ప్రకారం మామూలు చోట 20 మి.మీ. కవర్ సరిపోతుంది, తీరప్రాంతంలో 45 మి.మీ., ఎం30 కాంక్రీట్ (ఎం పక్క నంబర్ పెరిగేకొద్దీ బలం ఎక్కువ), నేరుగా సముద్రపు తుంపర తగిలే చోట 50 మి.మీ., ఎం35. ఇది పాటించారా లేదా అనేది సైట్‌లో ఒక చిన్న వస్తువు దగ్గర తెలిసిపోతుంది. స్లాబ్ పోసేముందు ఊచల కింద కవర్ బ్లాకులు పెడతారు, సిమెంటువో ప్లాస్టిక్‌వో బిళ్లలు. చాలాచోట్ల బ్లాకులు అయిపోయాయని మార్బుల్ ముక్కలు, కంకర రాళ్లు దోపేస్తారు, పోసేటప్పుడు మనుషులు తొక్కితే అవి జారిపోతాయి, ఊచ కింద సెంట్రింగ్ షీట్‌కి (కాంక్రీట్ పోసే అచ్చుకి) ఆనుకునే ఉండిపోతుంది. డ్రాయింగ్‌లో 45 రాసి ఉంటుంది, స్లాబ్ అడుగున 5 కూడా ఉండదు. పైన ప్లాస్టరింగ్, పెయింట్ అయిపోయాక ఎవరికీ కనపడదు, పదిహేనేళ్లకి బాల్కనీ అడుగున గోధుమ రంగు గీత కనిపించేదాకా.

అమెరికాలో ఫ్లోరిడా సర్ఫ్‌సైడ్‌లో బీచ్ పక్కన చాంప్లైన్ టవర్స్ సౌత్ అని 12 అంతస్తుల కండో, 1981లో కట్టింది, 136 ఫ్లాట్లు. 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక ముందు పూల్ డెక్ కూలింది, తర్వాత బిల్డింగ్‌లో పెద్ద భాగం కూలింది, 98 మంది చనిపోయారు. 2018లోనే ఒక ఇంజనీర్ రిపోర్ట్ ఇచ్చాడు, పూల్ డెక్‌కి వాలు లేకుండా చదునుగా కట్టారు, నీళ్లు పోయే దారి లేదు, వాటర్‌ప్రూఫింగ్ పాడైంది, కింద స్లాబ్ దెబ్బతింటోందని. రిపేర్‌కి అప్పట్లో 90 లక్షల డాలర్ల పైన అంచనా, ఓనర్లు ఎవరెంత కట్టాలనే వాదనల్లో మూడేళ్లు గడిచేసరికి అది కోటిన్నర డాలర్లయింది. ఆ డెక్ మొదటి డిజైన్‌లోనే కావాల్సినంత బలం లేదని ఆ తర్వాత దర్యాప్తులో బయటపడింది, అంటే మొదట్లోనే బలహీనం, పైన నలభై ఏళ్ల నీళ్లు, రిపేర్ వాయిదా, మూడూ కలిశాయి.

ఆ తర్వాత 2022లో ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులు, ఆపైన ఉన్న కండోలకి 30 ఏళ్లకి ఇంజనీర్ తనిఖీ తప్పనిసరి, తీరానికి దగ్గరుంటే 25 ఏళ్లకే అడగొచ్చు, స్ట్రక్చర్ రిపేర్ల కోసం దాచే నిధిని ఓనర్లు ఓటేసి మాఫీ చేసుకోవడం కుదరదు. మన దగ్గర రియల్ ఎస్టేట్ చట్టం రెరా సెక్షన్ 14 ప్రకారం పొజిషన్ ఇచ్చిన రోజు నుంచి 5 ఏళ్లలోపు స్ట్రక్చర్‌లో లోపం బయటపడితే బిల్డర్ సొంత ఖర్చుతో బాగుచేయాలి, మంచి రూలే, కానీ ఉప్పు ఊచల దాకా చేరేసరికి ఆ అయిదేళ్లు ఎప్పుడో దాటిపోతాయి. అప్పుడు మిగిలేది అసోసియేషన్ దగ్గరున్న కార్పస్ ఫండ్, అదేమో చాలాచోట్ల పెయింటింగ్‌కీ లిఫ్ట్‌కీ ఖర్చయిపోతుంది. సముద్రం పక్కన ఫ్లాట్ కొన్నవాళ్లు మొదటి జనరల్ బాడీ మీటింగ్‌లోనే వాటర్‌ప్రూఫింగ్‌కీ స్ట్రక్చరల్ ఆడిట్‌కీ వేరే ఖాతా తెరిపించి, కట్టింది కట్టినట్టు చూపించే ఫైనల్ స్ట్రక్చరల్ డ్రాయింగులు బిల్డర్ దగ్గర్నుంచి తీసుకుని అసోసియేషన్ ఆఫీసులో పెట్టుకుంటే మంచిది, ఎందుకంటే ఇరవై ఏళ్ల తర్వాత ఆడిట్‌కి వచ్చే ఇంజనీర్ మొట్టమొదట అడిగేది ఆ కాగితాలే, అప్పటికి ఆ కంపెనీ అదే పేరుతో ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు.